ఆఖరి రౌండుకి పాత రూలు

పోటీల కమిటీ పెద్ద వరప్రసాదం గారు మైకు పట్టుకుని "ఒక చిన్న మార్పు" అన్నారు. అప్పటికే మేము చెప్పులు విడిచి, చేతులకి పౌడరు రాసుకుని, టాసు కోసం నిలబడి ఉన్నాం.

"ప్రేక్షకుల కోరిక మీద ఈ రోజు ఫైనల్లో కాపలా రాయి రూలు ఉండదు. మొదటి రాయి నుంచే ఎవరు ఎవరి రాయినైనా కొట్టుకోవచ్చు."

తెనాలి ఫంక్షన్ హాలు ఈలలతో మోగిపోయింది. మా కెప్టెన్ రూబీ మొహం పాలిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎందుకు మండిందో చెప్పాలంటే ముందు ఆట గురించి చెప్పాలి. దీన్ని కర్లింగ్ అంటారు. చలి దేశాల్లో మంచు మీద బరువైన రాళ్ళని జార్చి ఆడతారట. మనకి మంచెక్కడిది? అందుకని కింద చిన్న చక్రాలు బిగించిన రాళ్ళని నున్నటి నేల మీద తోసి ఆడతాం. అవతలి చివర నేల మీద ఒకదానిలో ఒకటిగా వలయాలు గీసి ఉంటాయి. ఆ వలయాల మొత్తాన్నీ ఇల్లు అంటారు. జట్టుకి నలుగురు, మనిషికి రెండు రాళ్ళు. రెండు జట్లూ ఒకరి తర్వాత ఒకరు తోసుకుంటూ పోతారు. అన్ని రాళ్ళూ అయ్యాక ఎవరి రాయి నడిబొడ్డుకి దగ్గరగా ఉంటే ఆ రౌండు వాళ్ళది. ఎదుటివాళ్ళ రాయి కన్నా దగ్గరగా ఎన్ని రాళ్ళుంటే అన్ని పాయింట్లు. అంతే.

ఇంటికి ముందు, దారిలో, ఒక రాయిని ఆపి పెట్టుకోవచ్చు. అదే కాపలా రాయి. దాని చాటున ఇంకో రాయిని మెల్లగా పంపి ఇంట్లో దాచుకుంటాం. రౌండులో మొదటి ఐదు రాళ్ళు పడేదాకా ఎదుటివాళ్ళ కాపలా రాయిని కొట్టి ఆటలోంచి గెంటకూడదు. గెంటితే ఆ రాయిని తెచ్చి ఉన్నచోటే పెడతారు, గెంటిన రాయిని తీసి అవతల పారేస్తారు. ఈ పోటీలు మొదలైన రోజు నుంచీ ఆడే ఊళ్ళన్నిట్లోనూ ఇదే రూలు. మా రేపల్లె చర్చి హాలు గోడ మీద ఆ కాగితం అంటించి ఉంటుంది. దాన్ని నేను కూడబలుక్కుని చదివి, అర్థం కాని చోట రూబీని అడిగి, మళ్ళీ చదివి నేర్చుకున్నాను. గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలను, ఆ రూలు లేకపోతే నేనసలు ఈ ఆట ఆడేదాన్నే కాదు. నాకు బలం లేదు. మెల్లగా, అనుకున్న చోట ఆపడం మాత్రం వచ్చు. అది పనికొచ్చేది కాపలా రాయి నిలబడినన్నాళ్ళే.

మా జట్టు ఎలా పుట్టిందంటే, రూబీ ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు. స్కూలు వాళ్ళు ఈ రాళ్ళ సెట్టు కొని, ఎవరూ ఆడటం లేదని మూల పడేస్తే, తను చర్చి హాలుకి తెచ్చింది. బుధవారం స్త్రీల సమాజం కూటం అయ్యాక ప్రార్థన పుస్తకాలు సర్దేసి బెంచీలు గోడకి జరిపి ఆడటం మొదలుపెట్టాం. నేను, నా మనవరాలు ఏంజెల్, రూబీ. నాలుగో మనిషి కుదరలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే మోకాళ్ళ నొప్పులని పోయారు.

ఒక బుధవారం చేపల కోటమ్మ తట్ట వరండాలో దించి, గుమ్మంలో నిలబడి చూసింది. సూర్యలంక వైపు పల్లెకారుల పిల్ల. పెళ్ళై రేపల్లె వచ్చింది. వీధి వీధీ తిరిగి చేపలమ్ముతుంది.

"ఏంటి సుగుణక్కా, ముసలితనంలో బండి తోలుతున్నావా?" అంది.

"నువ్వొచ్చి తోలు చూద్దాం."

"తట్టకి ఎవరు కాపలా?"

"ఆ పిల్లి కాస్తోందిలే," అంది ఏంజెల్. అందరం నవ్వాం. కోటమ్మ పిల్లిని అదిలించి, తట్ట లోపలికి తెచ్చుకుని, చీర కుచ్చిళ్ళు బిగించి రాయి తోసింది. అది హాలు దాటి బయటి మెట్ల మీద పడింది. ఆ రోజు నుంచి ఒక్క బుధవారం కూడా తప్పలేదు. హాలంతా నీచు వాసనని మొదట్లో ఒకరిద్దరు సణిగారు. రూబీ వాళ్ళని రెండో మాట అననివ్వలేదు.

ఈ ఏడు గెలిచిన జట్టుని డెహ్రాడూన్ పంపుతామని కమిటీ చెప్పింది. అక్కడ ఐసు మైదానం ఉందట. అసలు మంచు మీద, అసలు రాళ్ళతో ఆడిస్తారట. ఆ మాట విన్న రోజునే కోటమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"అక్కా, ఆ ఐసు గడ్డలు గడ్డలుగా ఉంటుందా, చదునుగానా?"

"చదునుగానేనట. ఈ హాలంత పొడుగు."

"నా చిన్నప్పటి నుంచి ఐసు నెత్తిన మోస్తానే ఉన్నాను. నీళ్ళు కారి మెడంతా చల్లబడిపోయేది, జ్వరాలొచ్చేవి. ఒక్కసారి అది నన్ను మొయ్యాలక్కా. దాని మీద నిలబడి రావాలి నేను."

ఆ మాట తర్వాత మేమంతా దాని కోసమే ఆడాం. నాకు డెహ్రాడూన్ మీద మోజు లేదు, చలికి నా కీళ్ళు తట్టుకోవు. కోటమ్మని అక్కడ నిలబెట్టాలి, అంతే. తెనాలి వాళ్ళ మీద గెలిచాం, కొల్లిపర నుంచి వచ్చిన పిల్లల మీద గెలిచాం. ఫైనల్లో బాపట్ల జట్టు వచ్చింది.

బాపట్ల కెప్టెన్ వసుంధర. కాలేజీ రోజుల్లో వాలీబాల్ ఆడిన చెయ్యి. ఆ అమ్మాయి రాయి తోస్తే తగిలిన రాయి గోడ దాకా పోవాల్సిందే. వాళ్ళ జట్టులో మిగతా ముగ్గురూ అదే తరహా. పోటీలు మొదలైనప్పటి నుంచీ ఐదో రాయి దాకా పళ్ళు బిగబట్టుకుని ఆగి, ఆరో రాయి నుంచి బాదడం మొదలుపెట్టేవాళ్ళు. జనానికి అదే నచ్చింది. వాళ్ళ ఆటలకి ఈలలు, మా ఆటలకి ఆవలింతలు. ఫోనుల్లో లైవు పెడుతున్నారు కదా, ఎంతమంది చూస్తున్నారో అంకె కనపడుతుందట. ఆ అంకె కోసం మా రూలు తీసేశారు. అదీ వరప్రసాదం గారి చిన్న మార్పు.

రూబీ ఆయన దగ్గరికి వెళ్ళింది. "సార్, ఇన్ని ఆటలూ ఒక రూలు మీద ఆడి ఫైనల్‌కి వచ్చాం. ఇప్పుడు తీసేస్తే ఎలాగండి?"

"ఇద్దరికీ ఒకటే రూలు కదమ్మా. న్యాయం న్యాయమే."

"వాళ్ళది కొట్టే ఆట సార్. మాది దాచుకునే ఆట. ఇద్దరికీ ఒకటే ఎలా అవుతుంది?"

"ఆటన్నాక మారుతుంటుందమ్మా. సర్దుకోవాలి." అని మైకు మీద వేలితో టక్ టక్ కొట్టి, "టాస్!" అన్నారు.

సర్దుకోవాలి అనే మాట నాకు చిన్నప్పటి నుంచి బాగా తెలుసు. ఆ మాట అన్నవాళ్ళెవరూ సర్దుకోగా నేను చూడలేదు.

టాసు వాళ్ళు గెలిచి ఆఖరి రాయి తీసుకున్నారు. ఈ ఆటలో ఆఖరి రాయి వేసేవాళ్ళదే పై చెయ్యి. మొత్తం ఐదు రౌండ్లు. మా వైపు మొదటి రాళ్ళు నావి. అలవాటు కొద్దీ ఇంటి ముందు చక్కగా ఒక కాపలా రాయి నిలబెట్టాను. బాపట్ల మొదటి అమ్మాయి ఒంగుని తోసింది. టక్. నా రాయి పోయి గోడ వారన కూర్చున్న వాళ్ళ కాళ్ళ దగ్గర ఆగింది. ఈలలు. రెండోది పెట్టాను. టక్. కోటమ్మ పెట్టింది. టక్. ఇక దాచుకోవడానికి చాటు ఏదీ? తలుపుల్లేని నట్టింట్లో పడుకున్నట్టు ఉంది మా పరిస్థితి. ఆ రౌండు బాపట్లకి ఒక పాయింటు.

పాయింటు వాళ్ళకి పోయింది కాబట్టి రెండో రౌండులో ఆఖరి రాయి మాది. రూబీ మమ్మల్ని దగ్గరికి పిలిచి, "కాపలా మానేద్దాం. అన్నీ ఇంట్లోకే వేద్దాం. వాళ్ళు కొట్టేవి కొడతారు, ఒక్కటి తప్పకపోతారా?" అంది. అలాగే వేశాం. వాళ్ళు కొడుతూనే ఉన్నారు. చివరికి ఏంజెల్ రాయి ఒకటి ఇంట్లో మిగిలింది. దాన్ని కొట్టడానికి వసుంధర తోసిన రాయి చాలా వేగంగా వచ్చి, పక్కనుంచి రాసుకోకుండానే వెళ్ళిపోయింది. బలం ఎక్కువైతే అదే తిప్పలు. రూబీ తన ఆఖరి రాయిని మెల్లగా దాని పక్కన ఆపింది. మాకు రెండు పాయింట్లు. రెండు, ఒకటి.

కోటమ్మ నా భుజం మీద కొట్టింది. "అక్కా, చలికి శాలువా కొనాలి నేను."

"ముందు ఆట చూడవే."

అప్పుడు రూబీ చెప్పిన మాట నేను మర్చిపోలేను. "ఇప్పుడు మనం ఒక పాయింటు ముందున్నాం. వాళ్ళ రూలే మనం ఆడదాం. మనం ఏమీ పెట్టుకోవద్దు. వాళ్ళు ఏది పెడితే దాన్ని గెంటేద్దాం."

"నా చేతికి అంత బలమెక్కడిదే?" అన్నాను.

"దారిలో అడ్డం లేకపోతే బలం ఎందుకు పెద్దమ్మా? తిన్నగా తోస్తే చాలు."

నిజమే. కాపలా రాయి లేని దారి బోసిపోయి ఉంటుంది. కళ్ళు మూసుకుని తోసినా ఎదుటి రాయికి తగులుతుంది. బాపట్ల ఒకటి పెట్టింది, నేను కొట్టాను. ఇంకోటి పెట్టింది, కోటమ్మ కొట్టింది. మేమేదైనా ఇంట్లో మిగిలిస్తే వాళ్ళు కొట్టారు. ఎవరిదీ ఏదీ నిలవలేదు. ఆఖరి రాయి వాళ్ళది, ఇల్లు ఖాళీ. అప్పుడు వసుంధర ఏం చేసిందో తెలుసా? రాయిని కావాలనే ఇంట్లోంచి అవతలికి పోనిచ్చింది. ఒక్క పాయింటు తీసుకుంటే స్కోరు సమం అవుతుంది కానీ, తర్వాతి రౌండులో ఆఖరి రాయి మాకొస్తుంది. ఎవరికీ పాయింటు రాకపోతే ఆఖరి రాయి వాళ్ళ దగ్గరే ఉంటుంది. తెలివైన పిల్ల. నేను ఆమె స్థానంలో ఉన్నా అదే చేసేదాన్ని.

మూడో రౌండు సున్నా. నాలుగో రౌండూ అంతే, సున్నా. పెట్టడం, కొట్టడం, పెట్టడం, కొట్టడం. మొదటి రౌండులో ఈలలు వేసిన కుర్రాళ్ళు బయట పునుగుల బండి దగ్గరికి పోయారు. ముందు వరసలో ముఖ్య అతిథి గారు ఫోను చూసుకుంటూ తల వాల్చేశారు. కాపలా రాయి లేకపోతే ఆట బలవంతులది అయిపోతుందని నేను భయపడ్డాను. కాదు. ఎవరు ఒక్క పాయింటు ముందుంటే వాళ్ళదే అయిపోతుంది. ముందున్నవాళ్ళు గెంటుకుంటూ కూర్చుంటే చాలు. ఇంతోటి దానికి ఆట ఎందుకు? ఈ సంగతి రూలు పెట్టినవాళ్ళకి ఎప్పుడో తెలిసే ఆ రూలు పెట్టారు. మన వరప్రసాదం గారికి తెలియలేదు, అడిగితే చెప్పనివ్వలేదు.

ఆఖరి రౌండుకి ముందు మంచినీళ్ళకి విరామం ఇచ్చారు. కమిటీ వాళ్ళు స్టేజీ వెనక గుసగుసలాడారు. లైవు అంకె పడిపోయిందని ఎవరో అనడం నా చెవిన పడింది. అంతలో మైకు గరగరలాడింది.

"ప్రేక్షక మహాశయులకి శుభవార్త. ఆట రక్తి కట్టించడం కోసం, ఈ ఆఖరి రౌండుకి పాత రూలు, అంటే కాపలా రాయి రూలు, తిరిగి అమలు చేస్తున్నాం!"

నాకు కాసేపు అర్థం కాలేదు. మా రూలు మాకు తిరిగి ఇస్తున్నారు కదా, సంతోషించాలా? తర్వాత అర్థమైంది. ముందున్నది మేము. మాకు కావలసింది గెంటడం. వెనకబడి, రెండు పాయింట్లు కావలసినవాళ్ళు బాపట్ల వాళ్ళు. వాళ్ళకి కావలసింది చాటు. ఆఖరి రాయి కూడా వాళ్ళదే. మాకు ఆ రూలు అవసరమైనంతసేపూ తీసేసి, వాళ్ళకి అవసరమైన క్షణాన తెచ్చి వాళ్ళ చేతిలో పెట్టారు.

రూబీ అరిచినంత పని చేసింది. "పొద్దున మీరే తీసేశారు కదండీ!"

"అవునమ్మా. మీరేగా తీసేయొద్దన్నారు? ఇప్పుడు మీరడిగిందే ఇస్తుంటే కోపమేంటి?"

ఆ మాట వినగానే ఏంజెల్ చేతిలో నీళ్ళ సీసా నేలకేసి కొట్టింది. నేను ఆపలేదు. ఆపాల్సిన పెద్దదాన్నే, కానీ ఆపాలనిపించలేదు.

కోటమ్మ ముందుకెళ్ళింది. "సారూ, మా రేవులో చేపల వేలంపాట పాడతారు. పాట మొదలవ్వకముందు తట్టలో ఎన్ని వేసుకుంటావో వేసుకో, ఎన్ని తీసుకుంటావో తీసుకో. మొదలయ్యాక పడవ యజమాని కూడా తట్ట ముట్టుకోడు. ముట్టుకుంటే ఆ పూట అతని సరుకు ఎవరూ కొనరు. మీకు అంత కూడా లేదాండీ?"

"ఇది చేపల బేరం కాదమ్మా."

"కాదండీ. చేపల బేరంలో సిగ్గుంటుంది."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. వరప్రసాదం గారి మొహం ఎర్రబడింది. "ఆడేవాళ్ళు ఆడండి. లేకపోతే బాపట్ల గెలిచినట్టు ప్రకటిస్తాం. రెండు నిమిషాలు టైమిస్తున్నాను."

నేను వసుంధర వైపు చూశాను. ఒక్క మాట అంటుందేమో అని. రబ్బరు బ్యాండు తీసి జుట్టు మళ్ళీ ముడి వేసుకుంటోంది. నేల చూపులు చూస్తోంది.

రూబీ బ్యాగు భుజాన వేసుకుంది. "పదండి పెద్దమ్మా. ఈ ఆట ఆడితే మనం దీన్ని ఒప్పుకున్నట్టే."

నాకూ పోదామనే ఉంది. ఏంజెల్ అప్పటికే చెప్పులు వెతుక్కుంటోంది. కోటమ్మ కదల్లేదు.

"నేను ఆడతాను," అంది.

"కోటమ్మా..."

"రోజూ తెల్లారేసరికి నాకు ఒక కొత్త రూలు పెడతారు రూబీ. ఈ సందులో కూర్చోవద్దంటారు, ఆ అరుగు మీద తట్ట పెట్టొద్దంటారు. కోపమొచ్చినప్పుడల్లా ఇంటికి పోతే నా పిల్లలు పెరిగేవాళ్ళా? ఒక పాయింటు ముందున్నాం. ఆడదాం."

ఐసు మీద నిలబడాల్సింది ఆమె. ఆమె ఆడదామంటే కాదనడానికి మేమెవరం? బ్యాగు దించాం.

ఆఖరి రౌండు. మొదటి రాయి నాది. ఇంట్లో ముందు భాగాన ఆపాను. బాపట్ల మొదటి అమ్మాయి ఇంటి ముందు, కొంచెం పక్కగా ఒక కాపలా రాయి పెట్టింది. చూడగానే నా చేతులు జిల పెట్టాయి. రెండు రౌండ్లుగా కనపడిన ప్రతి రాయినీ కొడుతూ వచ్చిన చేతులు. బలవంతాన ఆపుకుని రెండో రాయిని కూడా ఇంట్లోకే వేశాను. సరిగ్గా పడలేదు, వెనక్కి పోయింది. వాళ్ళు ఇంకో పక్క రెండో కాపలా రాయి పెట్టారు.

ఐదో రాయి కోటమ్మది.

రూబీ అవతలి చివర నిలబడి, ఆ కాపలా రాయి పక్కనుంచి మెల్లగా లోపలికి రమ్మని చేత్తో చూపించింది. కోటమ్మ తలూపింది. ఒంగుంది. తోసింది. అంత తిన్నగా, అంత ముచ్చటగా తోసిన రాయి ఆ రోజంతా ఎవరూ తోయలేదు. టక్ మని తగిలింది. బాపట్ల కాపలా రాయి ఎగిరినట్టు పోయి గోడకి కొట్టుకుంది.

మేము చప్పట్లు కొట్టాం. నేను కొట్టాను. ఏంజెల్ గెంతింది. రూబీ కూడా రెండు చేతులూ పైకెత్తింది. జనం ఈలలు వేశారు.

రెఫరీ చెయ్యెత్తాడు. అప్పటికి గానీ మాకు గుర్తు రాలేదు. మా నలుగురిలో ఒక్కరికి కూడా. ఐదో రాయి. కొట్టకూడదు.

పోయిన రాయిని తెచ్చి ఉన్నచోటే పెట్టారు. కోటమ్మ రాయిని ఎత్తి పక్కన పెట్టేశారు. కోటమ్మ తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది, అది ఎవరిదో అన్నట్టు.

ఎవరైనా కోటమ్మ తప్పు చేసిందంటే నేను ఒప్పుకోను. ఆ రూలు ఆమెకి నాకన్నా బాగా తెలుసు. పోటీలన్నిట్లో ఒక్కసారి కూడా తప్పలేదు. ఆమె చేతికి పొద్దున కొట్టు అన్నారు, గంట తిరక్కుండా కొట్టొద్దన్నారు. మనసు మార్చుకున్నంత తొందరగా చెయ్యి మారదు. మైకులో చెప్పేస్తే అయిపోతుందనుకునేవాళ్ళు ఎప్పుడూ చేత్తో ఏ పనీ నేర్చుకున్నవాళ్ళు కారు.

ఆ తర్వాత చెప్పడానికేమీ లేదు. రెండు కాపలా రాళ్ళ చాటున బాపట్ల వాళ్ళు తడబడుతూనే అయినా ఒక రాయి దాచారు. నా మొదటి రాయిని కొట్టేశారు. మా వాళ్ళు ఎంత ప్రయత్నించినా ఆ చాటులోది కదల్లేదు. వసుంధర ఆఖరి రాయి మెల్లగా వచ్చి దాని పక్కన ఆగింది. ఆ అమ్మాయి మెల్లగా వేయడం నేను చూసింది అదొక్కసారే. రెండు పాయింట్లు. మూడు, రెండు.

వరప్రసాదం గారు మైకులో, "చూశారా ఎంత ఉత్కంఠో! సరైన సమయంలో తీసుకున్న సరైన నిర్ణయం!" అని గుండెలు విరుచుకున్నారు. ఓడినవాళ్ళకిచ్చే షీల్డుకి రూబీ ఒక్కతే స్టేజీ ఎక్కింది. మిగతా ముగ్గురం కదల్లేదు. ఆయన కిందకి వచ్చి నాకు నమస్కారం పెట్టారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. పెద్దమనిషికి ప్రతినమస్కారం చెయ్యకపోవడం నా జీవితంలో అదే మొదలు.

సాయంత్రం తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చున్నాం. కోటమ్మ బెంచీ చివర, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండేది. నేను ఏదో అనబోయాను.

"ఏమీ అనకు అక్కా," అంది.

అదే ప్లాట్‌ఫారం మీదకి బాపట్ల వాళ్ళు నలుగురూ వచ్చారు. వాళ్ళ బండీ అప్పుడే. కప్పు ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకున్నారు. కాసేపు అటు నిలబడి, వసుంధర ఒక్కతే మా దగ్గరికి వచ్చింది.

"పిన్నిగారూ, ఒక మాట."

"ఇప్పుడొచ్చిందా మాట?" అన్నాను.

తల దించుకుంది. తర్వాత కోటమ్మ వైపు తిరిగింది. "అక్కా, డెహ్రాడూన్‌లో కాపలా రాయి రూలు గట్టిగా ఉంటుందట. మాకు కొట్టడం తప్ప దాచడం రాదు. ఇవాళ ఆఖరిది ఎలా ఆగిందో నాకే తెలీదు. అక్కడ జట్టుకి ఐదో మనిషిని కూడా తీసుకెళ్ళొచ్చు. మీరు మాతో రండి."

కోటమ్మ కొంగు తీసింది. "ఎందుకు? మీ నీళ్ళ సీసాలు మొయ్యడానికా?"

"కాదక్కా, మాకు నేర్పడానికి."

"నేర్పితే నిలబడేది మీరు. నేను బెంచీ మీద చలికి వణుకుతా కూర్చోవాలా?" కోటమ్మ లేచి నిలబడింది. "వస్తే మొదటి రాళ్ళు నావి. ప్రతి ఆటలో. ఐదో మనిషిగా మీ నలుగురిలో ఎవర్నైనా కూర్చోబెట్టుకో. సరేనా, కాదా?"

రూబీ నా వైపు చూసింది. ఏంజెల్ మొహం తిప్పుకుంది. దానికి ఇష్టం లేదు. నాకూ ఇష్టం లేదు. మా కోటమ్మ మా జట్టులో వెళ్ళాలి గానీ వీళ్ళ జట్టులోనా?

వసుంధర, "వరప్రసాదం సార్‌ని ఒక్కసారి..." అంది.

"మళ్ళీ ఆయన్నా?" అన్నాం నేనూ రూబీ ఒకేసారి.

"అడగను. చెబుతాను," అని ఫోను తీసింది. అందరికీ వినపడేలా పెట్టమంది కోటమ్మ. పెట్టింది. మిగతా ముగ్గురూ కూడా దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"రేపల్లె మనిషి బాపట్ల జట్టులో ఎలా ఆడుతుందమ్మా?" అన్నారాయన అవతల నుంచి. "అలా కుదరదని రూలు ఉంది."

"ఎప్పుడు పెట్టారు సార్?" అంది వసుంధర.

"అంటే... కమిటీలో అనుకుంటాం."

"అనుకోకముందే చెబుతున్నాను సార్. ఆమె మొదటి రాళ్ళు వేస్తుంది. లేకపోతే నేను వెళ్ళను. ఇక్కడ ఎనిమిది మందిమి వింటున్నాం."

అనౌన్సుమెంటు మోగింది. "సర్లేమ్మా, మీ ఇష్టం," అన్నారు చివరికి విసుగ్గా.

"ఈయన రేపు మాట మారిస్తే?" అడిగింది కోటమ్మ.

"మారిస్తే మేము రైలెక్కం." వసుంధర వెనక్కి తిరిగి తన వాళ్ళని చూసింది. ఒకమ్మాయి వెంటనే తలూపింది. ఇంకో అమ్మాయి కప్పు ఉన్న సంచిలోకి చూసుకుంది. మూడో అమ్మాయి, "నేను మా ఆయన్ని అడగాలక్కా," అంది.

"అడిగి రామ్మా, అడిగి రా," అంది కోటమ్మ. "ఆ సీట్లో నీ బదులు నేనే ఉంటాను."

మా బండి ముందొచ్చింది. కిటికీ పక్కన కూర్చున్నాను. వసుంధర కిటికీ దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"ఇవాళ నువ్వు గెలిచావని నేను ఒప్పుకోను," అన్నాను.

"తెలుసు పిన్నిగారూ."

"ఆ రెండు నిమిషాల్లో నువ్వు ఒక్క మాట అని ఉంటే ఆయన అంత ధైర్యం చేసేవాడు కాదు. నీ మాట వినేవాడు. ఇందాక విన్నాడు కదా."

ఆ అమ్మాయి చాపిన చెయ్యి కిటికీ ఊచ మీద పెట్టి నిలబడింది. బండి కదిలింది. నేను చెయ్యి ఇవ్వలేదు. కోటమ్మ నా మీద నుంచి ఒంగి, ఆ చేతిని పట్టుకుని, "శనివారం పొద్దున బాపట్ల వస్తాను. చేపలు అమ్ముకుని పదింటికి వస్తాను, హాలు తీయించి ఉంచు," అని గట్టిగా అరిచింది. బండి జోరందుకునేదాకా వదల్లేదు.